నల్లమట్టి గట్టుకు కొబ్బరి పీచు: కలిపే పద్ధతి, కొలతలు, చెడిపోయే చోట్లు

కాలువలకు నీళ్ళు ఆపేశాక మే నెలలో డెల్టాలో ఏ గట్టెక్కి చూసినా చెయ్యి దూరేంత నెర్రెలు కనిపిస్తాయి. జూన్‌లో నీళ్ళు వదిలాక మట్టి ఉబ్బి ఆ నెర్రెలు పైకి మూసుకుంటాయి. కానీ అవి మూసుకునేలోపే తొలకరి నీరు వాటిలోంచి దిగి గట్టు లోపలి మట్టిని మెత్తబరుస్తుంది. గట్లు జారేది వరద వచ్చినప్పుడే కాదు, ఎండా వానా మారే ఈ రెండు మూడు వారాల్లో కూడా. రొయ్యల చెరువు గట్లు, పొలాలకు వెళ్ళే పుంత రోడ్లు, పంట బోదెల గట్లు, అన్నిటికీ ఇదే జబ్బు.

కోనసీమలో దొరికే కొబ్బరి పీచును ముక్కలు చేసి పై 300 మి.మీ. మట్టిలో కలిపి రోలింగ్ చేస్తే ఈ నెర్రెలు చాలావరకు తగ్గుతాయి, చక్రాల గాడి లోతు కూడా తగ్గుతుంది. పని కష్టమైనదేమీ కాదు. కాకపోతే పీచు సమంగా కలవడం మీదే ఫలితమంతా ఆధారపడుతుంది. లెక్క సరిగ్గా వేసి కలపడంలో అజాగ్రత్త చేస్తే మామూలు గట్టుకన్నా బలహీనమైన గట్టు తయారవుతుంది.

పీచు చేసేది, చేయనిది

మట్టి నొక్కుడును తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. ఎండి కుంచించుకుంటున్న నల్లమట్టి తనను తానే లాక్కుంటూ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. అన్ని దిక్కులా చెదిరి ఉన్న పీచు ముక్కలు ఆ చీలికకు అడ్డంగా పడి, రెండు వైపులా మట్టిని పట్టుకుని ఉంటాయి. అందుకే ఒక పెద్ద నెర్రె పడాల్సిన చోట వెంట్రుక మందాన సన్నగీతలు చాలా పడతాయి. అంత సన్నగీతల్లోంచి నీరు పెద్దగా దిగదు. బరువు పడినప్పుడు కూడా పీచు లేని ఎండుమట్టి ఫటుక్కున విరిగితే, పీచు ఉన్నది నెమ్మదిగా వంగుతూ బరువు మోస్తుంది.

ఉబ్బే గుణాన్ని మాత్రం పీచు మార్చదు, అది మట్టి రసాయనంలో ఉంది. గట్టు అడుగున ఊట ఉంటే ఆపదు. పీతల బొరియలు, ఎలుక బొక్కలు పూడ్చదు. సరిగ్గా దట్టించని గట్టును రక్షించదు. రోలర్ అద్దె మిగుల్చుకోవడానికి పీచు వేద్దామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోవాలి.

ముందు మట్టిని పరీక్షించండి

రెండు పరీక్షలు సైటు దగ్గరే చేసుకోవచ్చు.

మొదటిది ఉబ్బు పరీక్ష. 425 మైక్రాన్ల జల్లెడ దిగిన ఎండుమట్టిని 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలజాడీల్లో పోసి, ఒకదాన్ని కిరోసిన్‌తో, రెండోదాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. గాజు కడ్డీతో కలిపి గాలి బుడగలు పోగొట్టి 24 గంటలు కదపకుండా ఉంచండి. నీళ్ళలో మట్టి మట్టం కిరోసిన్‌లో దానికన్నా ఎంత శాతం పెరిగిందో అదే ఫ్రీ స్వెల్ ఇండెక్స్. భారత ప్రమాణం ఐఎస్ 2720 నలభయ్యో భాగంలో ఉన్న పరీక్ష ఇదే. కిరోసిన్‌లో 10 మి.లీ., నీళ్ళలో 17 మి.లీ. వస్తే 70 శాతం అన్నమాట. 50 లోపుంటే పీచు ఒక్కటే చాలు. 50 దాటిన మట్టిని రహదారుల స్పెసిఫికేషన్లు కట్టమట్టిగా ఒప్పుకోవు. పంచాయతీ పుంతకో చెరువు గట్టుకో తప్పక వాడాల్సి వస్తే పీచుతో సరిపెట్టవచ్చు. 100 దాటితే ముందు సున్నం, ఆ తర్వాతే పీచు.

రెండోది చెదురు పరీక్ష. ఉప్పునీటి చెరువులున్న చోట ఇది తప్పనిసరి. శనగగింజంత మట్టి ముద్దను గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్‌లో వేసి పది నిమిషాలు కదపకుండా చూడండి. ముద్ద విరిగి కుప్పగా పడితే ఫర్వాలేదు. చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే అది సోడియం ఎక్కువైన మట్టి. నీరు ఎక్కడ సందు దొరికినా దాన్ని కరిగించుకుంటూ పోతుంది, పీచు దాన్ని ఆపలేదు. దానికి జిప్సం కావాలి. ఈ పరీక్షను చెరువు నీటితో చెయ్యొద్దు. ఆ నీటిలో ఉన్న ఉప్పు మట్టి రేణువులను ముద్దగా పట్టి ఉంచడంతో చెడ్డ మట్టి కూడా మంచిదిగా కనిపిస్తుంది. గండి పడేది తర్వాత వాననీరు ఆ ఉప్పును కడిగేశాక.

ఈ రెండూ కాక, పీచు కలిపిన మట్టి మీద ప్రాక్టర్ పరీక్ష (ఎంత తేమ మీద మట్టి గరిష్ఠంగా దట్టమవుతుందో చెప్పేది) దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో చేయించండి. పీచు కలపని మట్టికి చేసిన రిపోర్టు ఈ పనికి పనికిరాదు. పీచు కలిస్తే గరిష్ఠ సాంద్రత కొంచెం తగ్గుతుంది, దట్టించడానికి కావలసిన తేమ ఒకటి రెండు శాతం పెరుగుతుంది. పాత రిపోర్టు పట్టుకుని వెళ్తే సాంద్రత ఎంతకీ రాక రోలర్ తిరుగుతూనే ఉంటుంది. రోడ్డు పనయితే నానబెట్టిన సీబీఆర్ (నానిన మట్టి బరువు మోసే బలాన్ని శాతంలో చెప్పే అంకె) కూడా చూడండి. డెల్టా నల్లమట్టికి అది 2 దగ్గర ఉండడం మామూలే. 3, 4కి చేరిందంటే మంచి ఫలితమే, గ్రామీణ రోడ్ల డిజైన్‌లో ఒక తరగతి పైకి వెళ్తుంది. అంతకు మించి పదులకు పదులు చెప్పేవాళ్ళను నానబెట్టిన తర్వాతి అంకె చూపమనండి.

పీచు ఎలాంటిది కొనాలి

అంబాజీపేట చుట్టుపక్కల యూనిట్లలో ఎండు డొక్క నుంచి యంత్రం మీద తీసే గోధుమరంగు పీచు సరిపోతుంది. తాళ్ళకు వాడే పొడుగు నాణ్యమైన పీచు అక్కర్లేదు. కానీ పొట్టు లేకుండా ఉండాలి. పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీల్చుకుని, బరువు పడగానే స్పాంజిలా అణిగిపోతుంది. చవగ్గా వస్తుందని పొట్టుతో ఉన్న పీచు తీసుకుంటే గట్టులో మెత్తటి గూళ్ళు పెట్టినట్టే. పిడికెడు పీచు తెల్లగుడ్డ మీద గట్టిగా దులపండి. పొడి కుప్పగా రాలితే వెనక్కి పంపండి.

వానకు తడిసిన బేళ్ళు తూకంలో మోసం చేస్తాయి. ఒక కిలో తీసి రెండు రోజులు ఎండబెట్టి మళ్ళీ తూచి, తగ్గినంత మేర లెక్క సరిచేసుకోండి.

ముక్క పొడవు 25 మి.మీ. సన్నవీ లావువీ కలిపి చూస్తే పీచు మందం సుమారు పావు మి.మీ. ఉంటుంది కాబట్టి పొడవు దానికి వంద రెట్లవుతుంది. 10 మి.మీ. కన్నా పొట్టివైతే మట్టి పట్టు చాలక జారిపోతాయి, 40 దాటితే కలిపేటప్పుడు ఉండలు కడతాయి. పశువుల మేత కోసే చాఫ్ కట్టర్ ఈ పనికి సరిపోతుంది. విడివిడిగా పీచు వేస్తే అది కట్టర్ రోలర్లకు చుట్టుకుంటుంది. చేతితో ఒకే వైపుకు దువ్వి, మణికట్టు లావు కట్టలుగా చేసి, కొంచెం నీళ్ళు చిలకరించి పెట్టండి. కోసిన తర్వాత బేలు అణిచిన ముద్దలు విడిపోయేలా వెదురు కర్రతో కొట్టి గుల్లగా చేయాలి. ఈ పని విసుగ్గా ఉంటుంది, కూలీలు దాటేసేది కూడా దీన్నే. ఇక్కడ విడిపోని ముద్ద మట్టిలో ఎన్నటికీ విడిపోదు.

వరిగడ్డి వద్దు. మట్టిగోడల మట్టిలో దాన్ని తొక్కించేవాళ్ళు, ఏటేటా అలుకుతూ ఉండే గోడ కాబట్టి అక్కడ చెల్లింది. తడి గట్టులో అది నెలల్లో కుళ్ళి గుల్లలు వదిలేస్తుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ (కట్టెకు గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎక్కువ కాబట్టి నిదానంగా చివుకుతుంది, అయినా రెండు మూడేళ్ళకు మించి దాని బలాన్ని లెక్కలో వేసుకోవద్దు. ఆ లోపు గట్టు సర్దుకుని గడ్డి వేళ్ళు దిగాలి. ఎక్కువ కాలం కావాలంటే 12 మి.మీ. పాలీప్రొపిలీన్ పీచు 0.2 నుంచి 0.3 శాతం వేస్తారు. అది కుళ్ళదు, సున్నం దాన్నేమీ చేయదు, ఎండకు మాత్రం పెళుసవుతుంది. రొయ్యలు, చేపల చెరువుల లోపలి వాలులో దాన్ని వాడకపోవడమే మంచిది. అలలకు మట్టి కోసుకుపోతే ప్లాస్టిక్ నేరుగా నీళ్ళలోకి వస్తుంది.

లెక్క

ఎండుమట్టి బరువులో 0.5 శాతం పీచుతో మొదలుపెట్టండి. నెర్రెలు మరీ పెద్దవైతే 0.75. ఒక శాతం దాటితే పీచు మీద పీచు పడి, మట్టి మధ్యలోకి రాక, బలం పెరగడం మాని తగ్గుతుంది.

దట్టించాక 150 మి.మీ. మందం వచ్చే పొర, ఎండు సాంద్రత ఘనమీటరుకు 1500 కిలోలు అనుకుంటే, చదరపు మీటరుకు 225 కిలోల మట్టి. దానికి 0.5 శాతం అంటే 1.125 కిలోల పీచు. గట్టు వెడల్పు 3 మీటర్లయితే 10 మీటర్ల పట్టీకి, అంటే 30 చదరపు మీటర్లకు, 34 కిలోలు. రెండు పొరలతో 100 మీటర్ల గట్టుకు 675 కిలోలు; దులపగా, ఎగరగా పోయేది కలుపుకుని 730 తెప్పించుకోవాలి.

నీళ్ళ లెక్కా ఇలాగే. కలిపిన మట్టికి కావలసిన తేమ 24 శాతం, గట్టు మీది మట్టిలో ఉన్నది 14 అయితే, పది శాతం లోటు. ఆ 30 చదరపు మీటర్ల పట్టీలో మట్టి 6750 కిలోలు కాబట్టి 675 లీటర్లు కావాలి. మే ఎండకు మరో యాభై లీటర్లు ఆవిరి కింద పోతుందనుకోండి. ఉప్పునీటి చెరువు నీళ్ళు వాడొద్దు, కాలువ కట్టేసే ముందే ట్యాంకర్లో మంచినీళ్ళు సిద్ధం చేసుకోండి.

కలపడం

ఒకేసారి వంద మీటర్లు తవ్వేసి కూర్చోవద్దు. ఆ రోజు రోలింగ్ పూర్తి చేయగలిగినంతే తెరవండి.

పై 300 మి.మీ. మట్టిని జేసీబీతో తీసి పక్కన పోయించి, అడుగు గట్టిగా ఉందో లేదో చూడండి. మడమతో నొక్కితే దిగబడే చోట ఆ మెత్తమట్టిని తీసేసి పొడిమట్టితో పూడ్చాకే ముందుకెళ్ళాలి. తర్వాత మొదటి పొర మట్టిని 200 మి.మీ. మందాన పరిచి, పొడిగా ఉండగానే రోటావేటర్ రెండు మూడు సార్లు తిప్పండి. బెడ్డలు గోళీకాయంత అయ్యేదాకా ఆపొద్దు. పిడికెడంత బెడ్డ మిగిలితే దాని లోపలికి పీచు వెళ్ళదు. పైనుంచి కలిసినట్టే కనిపిస్తుంది, లోపల పాత నల్లమట్టే ఉంటుంది, నెర్రె మొదలయ్యేది అక్కడే.

సాయంత్రం 450 లీటర్లు చల్లి, ఒకసారి తిప్పి, టార్పాలిన్ కప్పి రాత్రంతా వదిలేయండి. నల్లమట్టి నీటిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. చల్లిన వెంటనే కలిపితే బెడ్డ పైన బురద, లోపల దుమ్ము.

పొద్దున మట్టి పదును చూడండి. కొంచెం తీసి అరచేతుల మధ్య 3 మి.మీ. దారంలా చుట్టండి. దారం సాగకుండా ముక్కలవుతుంటే కలపడానికి సరైన పదును. విరక్కుండా చక్కగా సాగిందంటే తేమ ఎక్కువైంది. అప్పుడు పీచు వేస్తే మట్టి దాన్ని పూతలా అంటుకుని ముద్దలు కట్టిస్తుంది. ఎండకు ఆరబెట్టి మధ్యాహ్నం మళ్ళీ చూడడం తప్ప దారి లేదు.

పీచు 34 కిలోలనూ రెండు వాటాలు చేయండి. పట్టీ మీద సున్నంతో మీటరుకొక గీత గీసి, ఒక్కో మీటరుకు ఒక బుట్ట చొప్పున తూచి పెడితే చల్లేవాడి చేతివాటం మీద ఆధారపడక్కర్లేదు. మొదటి 17 కిలోలు, అంటే బుట్టకు 1.7 కిలోలు, కాస్త తడిపి, గాలికి ఎదురు కాకుండా నడుము ఎత్తు నుంచి వెదజల్లండి. రోటావేటర్ గట్టు పొడవునా రెండుసార్లు. రెండో 17 కిలోలు చల్లి మళ్ళీ రెండుసార్లు, ఈసారి ఎదురు దిశ నుంచి. మిగిలిన 225 లీటర్లకు ఆవిరి వాటా కలిపి సన్నగా చిలకరిస్తూ చివరిగా ఒకసారి. రోటావేటర్ లోతు పొర అడుగు దాకా వెళ్తోందో లేదో పారతో తవ్వి చూడండి. డ్రైవర్లు డీజిల్ కోసం లోతు తగ్గిస్తారు, అప్పుడు పీచంతా పై వంద మి.మీ.లోనే ఉండిపోయి అడుగున ఖాళీ పొర మిగులుతుంది.

రోటావేటర్ ఇరుసుకు పీచు చుట్టుకుంటే ముక్కలు పొడుగ్గా ఉన్నాయని అర్థం. 25 మి.మీ. పీచు చుట్టుకోదు. ఇంజన్ ఆపి, పీటీవో షాఫ్ట్ (ట్రాక్టర్ నుంచి రోటావేటర్‌ను తిప్పే ఇరుసు) తిరగడం పూర్తిగా ఆగాకే కొడవలితో కోసి తీయండి. తీసినదాన్ని తూచి అంత మేర మళ్ళీ వేయాలి.

సున్నం వేయాల్సిన మట్టికి వరుస మారుతుంది. ఎండుమట్టి బరువులో 3 నుంచి 5 శాతం పొడిసున్నం ముందు కలిపి, తడిపి, ఒక రోజు మాగనివ్వండి. జిగట చచ్చి మట్టి పొడిపొడిగా విడిపోతుంది, అప్పుడు పీచు చాలా తేలిగ్గా కలుస్తుంది. క్షారం కొబ్బరి పీచును కాలక్రమంలో తింటుంది కాబట్టి సున్నం పనికి పాలీప్రొపిలీన్ మేలు. కళ్ళద్దాలు, చేతితొడుగులు లేకుండా సున్నం చల్లనివ్వొద్దు.

కలిసిందో లేదో తూచి చూడండి

కంటితో చూసి సరే అనొద్దు. 10 మీటర్ల పట్టీలో మూడు చోట్ల, పొర పూర్తి లోతు నుంచి, 2 కిలోల చొప్పున తడిమట్టి తీయండి. రాత్రంతా బకెట్లో నానబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ మీద నీళ్ళు పోస్తూ చేత్తో నలుపుతూ కడగండి. మిగిలిన పీచును ఎండబెట్టి గ్రాముల త్రాసులో తూచండి. 22 శాతం తేమ ఉన్న 2 కిలోల్లో ఎండుమట్టి 1640 గ్రాములు, దానికి 0.5 శాతం అంటే 8.2 గ్రాములు రావాలి. 6.5 నుంచి 10 మధ్య ఉంటే మంచి పనే. ఒక చోట 3, మరో చోట 14 వస్తే సగటు సరిపోయినా కలపడం చెడినట్టే. కడగడం రాత్రి పట్టే పని కాబట్టి ఆ పట్టీ అప్పటికే రోలింగ్ అయిపోయి ఉంటుంది. అందుకే మొదటి పట్టీని నమూనాగా చేసి, ఫలితం చూశాకే మిగతాది మొదలుపెట్టాలి.

రోలింగ్

బంకమట్టికి గొర్రెకాళ్ళ రోలర్ మంచిది. అది అడుగు నుంచి దట్టించుకుంటూ పైకొస్తుంది, పొరలను ఒకదానికొకటి కుడుతుంది. నున్నటి రోలర్ మాత్రమే దొరికితే రెండో పొర వేసేముందు మొదటి పొర పైభాగాన్ని 25 మి.మీ. లోతున గీరించి నీళ్ళు చిలకరించండి. లేదంటే రెండు పొరల మధ్య అద్దంలా నున్నటి జారుడు మట్టం మిగులుతుంది, ఏ పీచూ దాన్ని దాటి ఉండదు, గట్టు అక్కడే పలకలా ఊడుతుంది.

3 మీటర్ల గట్టు అంచున పెద్ద రోలర్ ప్రమాదం. ఇరువైపులా 300 మి.మీ. ఎక్కువ వెడల్పుతో పరిచి, అంచుకు దూరంగా దట్టించి, వదులుగా మిగిలిన అంచును తర్వాత చెక్కేయండి. ఒక టన్ను చేతి రోలర్ వాడితే పొర మందం 100 మి.మీ.కు తగ్గించండి, పీచు లెక్క కూడా ఆ మేరకు మారుతుంది.

ఆరు నుంచి ఎనిమిది సార్లు తిరిగాక సాంద్రత కొలవండి. పీచు కలిపిన మట్టి ప్రాక్టర్ అంకెలో 97 శాతం రావాలి. కోర్ కట్టర్ (మట్టి నమూనా తీసే ఇనుప గొట్టం) అంచుకు పీచు తగిలి నమూనాను లాగేస్తుంది, అంకె తక్కువగా వస్తుంది. ఇసుక పోసి కొలిచే పద్ధతి నమ్మకం. రోలర్ వెళ్ళగానే మట్టి అల్లాడి పైకి లేస్తుంటే, అది పీచు సాగుడు అని సర్దిచెప్పుకోవద్దు. తేమ ఎక్కువైంది, తిరగదోడి ఆరబెట్టాలి.

పైన 75 మి.మీ. గ్రావెల్ వేసి, మధ్య నుంచి అంచులకు 4 శాతం వాలు ఇవ్వండి. పీచు బయటకు కనిపిస్తే టైర్లు పెరికేస్తాయి. నీరు నిలిచే గట్టును ఏ పీచూ కాపాడదు.

కలపడం కుదరని చోట

కాలువలు పారే రోజుల్లో చాలా ఊళ్ళలో మీటరు లోతులోనే నీరుంటుంది. ఆ తడి మట్టిలో పీచు కలపాలని చూడడం డబ్బు బురదలో పోయడమే. అక్కడ నేసిన కొబ్బరి భూవస్త్రాన్ని (నేలకు పరిచే పీచు వస్త్రాన్ని) నేల మీద పరిచి దానిపై గ్రావెల్ వేయడం సరైన పద్ధతి. రోడ్లకు చదరపు మీటరుకు 700 నుంచి 900 గ్రాముల రకం వాడతారు, దానికి ఐఎస్ 15871 మార్గదర్శకాలున్నాయి. 2020లో పీఎంజీఎస్‌వై (ప్రధాన మంత్రి గ్రామ సడక్ యోజన) మూడో దశ రోడ్లకు కేంద్రం భూవస్త్రాన్ని అనుమతించింది. తడి నేలలో అతుకుల దగ్గర కనీసం 300 మి.మీ. ఒకదానిపై ఒకటి రానివ్వండి, టిప్పర్‌ను నేరుగా వస్త్రం మీదికి ఎక్కించకుండా ముందు పోసిన గ్రావెల్ మీద నుంచే నడిపించండి.

లంకల్లో, సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో కథ వేరు. ఇసుకలో పీచు బాగా పట్టుకుంటుంది, కానీ పొడిగా కలిపితే విడిపోయి పైకి తేలుతుంది. 8 నుంచి 10 శాతం తేమ మీద కలపాలి.

చెరువు గట్టు వాలులకు, ముఖ్యంగా అలలు కొట్టే మట్టం దగ్గర, కలిపిన పీచు కన్నా చదరపు మీటరుకు 400 గ్రాముల కొబ్బరి పీచు వల బాగా నిలుస్తుంది. గట్టు పైన 300 మి.మీ. లోతు, అంతే వెడల్పు గాడి తీసి వల అంచు అందులో దింపి మట్టి పూడ్చి తొక్కండి. కింది వరకు పరిచి, మీటరుకొకటి చొప్పున వెదురు మేకులు కొట్టి, వల కళ్ళల్లో గరిక పిలకలో వట్టివేరో నాటండి. వల బిగుతుగా లాగి కట్టొద్దు. నేలకు ఆనకుండా గాల్లో ఉన్న చోట కింద నుంచి నీరు కోసేస్తుంది. మొదటి గట్టి వాన పడిన మర్నాడు వాలు మీద నడుస్తూ అలా ఉబ్బిన చోట్లు వెతికి, మట్టి ఎక్కించి, మరో మేకు కొట్టించండి.